బాంబు చేయనన్న లీసే మైట్నర్

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొన్న స్టడీ అవర్లో ఆరో తరగతి చెల్లెళ్ళను చూసుకునే పని నాకు పడింది. ఆగస్టు 6 దగ్గరకొస్తోంది కదా అని వాళ్ళకు హిరోషిమా సంగతి చెప్పాను. ఆ బాంబు ఎవరు చేశారక్కా అని ఒక చెల్లి లేచి అడిగింది. నేను ఎక్కడో విన్న ముక్క పట్టుకుని, లీసే మైట్నర్ అనే ఆవిడ చేసింది, ఆడవాళ్ళు ఎంత పనైనా చేయగలరు చూడండి అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. రాత్రి పడుకున్నాక ఆ చప్పట్లు దేనికా అని నిద్ర పట్టలేదు. తర్వాత లైబ్రరీలో వెతికి, సైన్సు సారును అడిగితే నేను చెప్పింది పూర్తిగా తలకిందులని తేలింది. నోటితో దిద్దితే సగం మందికే చేరుతుంది. అందుకే గోడ మీద రాస్తున్నాను.

లీసే మైట్నర్ 1878లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో మూడోది. తండ్రి లాయరు. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లల బడి 14 ఏళ్ళకే అయిపోయేది. 1897లో గానీ యూనివర్సిటీ తలుపులు వాళ్ళకు తెరవలేదు. మగపిల్లలు ఏళ్ళ తరబడి చదివే పాఠాలను ఆమె ట్యూషన్ పెట్టించుకుని గబగబా ముగించి, 1901లో యూనివర్సిటీలో చేరింది. 1906లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు వచ్చింది.

1907లో బెర్లిన్ వెళ్ళింది. ఒట్టో హాన్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి పని చేయాలనుకుంది. కానీ ఆ సంస్థలోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. చివరికి కింద ఉన్న పాత వడ్రంగి గదిలో పని చేసుకోమన్నారు, పైకి మాత్రం రాకూడదన్నారు. ఆడవాళ్ళకు బాత్‌రూమ్ కూడా లేక, వీధిలో ఉన్న హోటలుకు పోయి వచ్చేది. (పొద్దున్నే మన బాత్‌రూమ్ దగ్గర లైను చూసి గొణిగేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. నేనూ చదివాను.) 1912 దాకా జీతం లేదు, ఇంటి నుంచి వచ్చే డబ్బే ఆధారం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆసుపత్రుల్లో ఎక్స్‌రే పని చేసింది. 1926 నాటికి బెర్లిన్ యూనివర్సిటీలో ప్రొఫెసరైంది. జర్మనీలో భౌతికశాస్త్రంలో ఆ స్థానం పొందిన మొదటి మహిళ ఆమే.

1933లో హిట్లర్ వచ్చాడు. మైట్నర్ యూదు కుటుంబంలో పుట్టింది కాబట్టి పాఠం చెప్పే హక్కు తీసేశారు. అయినా ల్యాబ్ వదలలేక అక్కడే ఉండిపోయింది. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకునేసరికి ఆమె పాస్‌పోర్టు చెల్లకుండా పోయింది. జూలైలో చిన్న పెట్టె సర్దుకుని, చేతిలో 10 మార్కులతో, రైలెక్కి దొంగచాటుగా హాలండ్ సరిహద్దు దాటింది. ఎవరైనా ఆపితే ఇవ్వడానికని హాన్ తన తల్లి ఉంగరం ఇచ్చి పంపాడు. అప్పుడు ఆమెకు 59 ఏళ్ళు. 30 ఏళ్ళ పని అంతా వెనక ఉండిపోయింది. అక్కడి నుంచి స్వీడన్ చేరింది.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఆ డిసెంబరులో హాన్ ఉత్తరం రాశాడు. అతనూ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే అందులో బేరియం కనిపించిందట. యురేనియం పరమాణువు చాలా బరువు, బేరియం దాదాపు అందులో సగం. ఇదెలా సాధ్యమో చెప్పమని అడిగాడు. క్రిస్మస్ సెలవులకు మైట్నర్ అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ కూడా వచ్చి ఉన్నాడు, అతనూ శాస్త్రవేత్తే. పిన్నీ కొడుకూ మంచులో నడకకు పోయి, ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్కలు వేశారు.

చెల్లెళ్ళకు అర్థమయ్యేలా చెబుతాను. వాన వెలిశాక చేమ ఆకు మీద పెద్ద నీటి బొట్టు ఊగుతూ ఉంటుంది కదా. పుల్లతో కదిలిస్తే సాగి, నడుము సన్నబడి, రెండు బొట్లవుతుంది. యురేనియం కేంద్రకం కూడా అలాంటి బొట్టే అనుకోండి. న్యూట్రాన్ తగలగానే అది సాగి రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల బరువు కలిపితే మొదటిదాని కంటే కొంచెం తక్కువ వస్తుంది. తగ్గిన ఆ కాస్త ద్రవ్యరాశి శక్తిగా మారుతుంది. ఒక్క పరమాణువు శక్తి ఇసుక రేణువును కంటికి కనబడేలా కదిలించగలదని ఫ్రిష్ లెక్క. పరమాణువు ఎంత చిన్నదో గుర్తు తెచ్చుకోండి! మన జీవశాస్త్రంలో అమీబా రెండుగా విడిపోవడాన్ని ద్విధా విచ్ఛిత్తి అంటాం. ఫ్రిష్ ఆ మాటే తెచ్చి దీనికి పెట్టాడు. కేంద్రక విచ్ఛిత్తి అన్నమాట. వాళ్ళ వ్యాసం 1939 ఫిబ్రవరిలో వచ్చింది.

అదే ఏడాది ఇతర దేశాల శాస్త్రవేత్తలు ఇంకో సంగతి కనిపెట్టారు. పగిలిన ప్రతి కేంద్రకం రెండు మూడు కొత్త న్యూట్రాన్లను విసురుతుంది. అవి పక్కవాటిని పగలగొడతాయి. ఎండుగడ్డిలో నిప్పు పాకినట్టే. హిట్లర్ ముందే బాంబు చేస్తాడేమోనన్న భయంతో అమెరికా పని మొదలుపెట్టింది. లక్షకు పైగా మనుషులు అందులో పని చేశారు. న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్ ల్యాబ్‌కు ఓపెన్‌హైమర్ పెద్ద. కాబట్టి ఎవరు చేశారక్కా అంటే ఒక్క పేరు చెప్పడం కుదరదు.

1943లో మైట్నర్‌ను కూడా రమ్మన్నారు. స్వీడన్‌లో ఆమెకు సరైన పరికరాలు లేవు, సహాయకులు లేరు, జీతం అంతంత మాత్రం. అక్కడికి పోతే పాత స్నేహితులు, పెద్ద ల్యాబ్, గౌరవం. అయినా బాంబుతో తనకు పని లేదని చెప్పేసింది. ఫ్రిష్ మాత్రం వెళ్ళాడు. ఒకే మొద్దు మీద కూర్చున్న ఇద్దరూ చెరో దారి. ఫ్రిష్‌ను తిట్టాలో లేదో నాకు తెలియడం లేదు, హిట్లర్ భయం నిజమైనదే. కానీ 1945 మేలోనే జర్మనీ ఓడిపోయింది. బాంబు పడింది ఆగస్టులో, జపాన్ మీద. హిరోషిమా బాంబులో 60 కిలోలకు పైగా యురేనియం ఉంటే, నిజంగా పగిలింది కిలో లోపే. ఆ ఏడాది చివరికి ఆ ఊళ్ళో సుమారు 1,40,000 మంది చనిపోయారు. బడిపిల్లలు కూడా. మూడు రోజుల తర్వాత నాగసాకి మీద ఇంకొకటి వేశారు.

వెంటనే విలేకరులు మైట్నర్ మీద పడ్డారు. బాంబు రహస్యం జర్మనీ నుంచి పట్టుకొచ్చిన మనిషి అన్నట్టు రాశారు. తను ఆ పని చేయలేదని ఎంత చెప్పినా ఆ కథ ఆగలేదు. నేను విన్నదీ, మీకు చెప్పిందీ ఆ కథే. 80 ఏళ్ళయింది, ఇంకా తిరుగుతోంది.

విచ్ఛిత్తికి 1944 సంవత్సరపు రసాయన నోబెల్ హాన్‌కు ఒక్కడికే ఇచ్చారు. మైట్నర్ పేరు 40 సార్లకు పైగా ప్రతిపాదించినా ఆమెకు రాలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అయితే ఆమె తనను తానూ వదల్లేదు. 1933లోనే జర్మనీ విడిచి రాకపోవడం తన తప్పేనని యుద్ధం తర్వాత ఒప్పుకుంది. 1960లో ఇంగ్లండుకు మారి, 1968 అక్టోబరులో 89 ఏళ్ళ వయసులో చనిపోయింది.

మన ల్యాబ్ గోడ మీది ఆవర్తన పట్టిక పాతది, 105వ మూలకం దగ్గర ఆగిపోయింది. 109వ మూలకానికి 1997లో మైట్నీరియం అని పేరు పెట్టారు. సారును అడిగి దాని పక్కన కాగితం అంటించాను, చూడండి. ఆరో తరగతి చెల్లెళ్ళూ, శనివారం స్టడీ అవర్‌కి మళ్ళీ వస్తాను. మొన్న ప్రశ్న అడిగిన చెల్లి ముందు వరసలో కూర్చోవాలి.

— పదో తరగతి అక్క