పలనాటి కథకు రాగం కట్టిన నాజరు

పల్లెపాటకు శాస్త్రసంగీతం తోడైతే పాట బాగుపడుతుందా, చెడుతుందా? హంగేరీలో బేలా బార్టోక్ రైతుల పాటలను సేకరించి పియానోకు కూర్చిననాడు ఎదురైనదీ ఈ ప్రశ్నయే. మన సీమలో దీనికి సమాధానం చెప్పినవారు షేక్ నాజరు.

ఆయన 1920లో గుంటూరు సీమలోని పొన్నెకల్లులో మస్తాన్, బీనాబీ దంపతులకు జన్మించినారు. దూదేకుల కుటుంబం. దూది ఏకే వింటినారి మ్రోత ఆ కులానికి పుట్టుకతో వచ్చిన శ్రుతి అని నాకొక ఊహ. ఆయన జీవితకథకు ‘పింజారి’ అన్న పేరే నిలిచినది. బాల్యంలోనే నాటకరంగమెక్కినారు, ఇంట పేదరికం, గొంతులో సంపద. సంగీతదాహం ఆయనను నరసరావుపేటకు చేర్చినది. అక్కడ మురుగుళ్ల సీతారామయ్యగారి శిష్యరికం లభించినది.

1940 దశకంలో ప్రజానాట్యమండలి పాత జంగం కథకు కొత్త ఊపిరి పోసి బుర్రకథగా జనంలోకి తెచ్చినది. నడుమ తంబురా మీటుతూ, వ్రేలి అందెలు మ్రోగిస్తూ కథకుడు. ఇరుపక్కల డక్కీలతో వంతలు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. బెంగాలు కరువు, అల్లూరి సీతారామరాజు, బొబ్బిలి యుద్ధం ఈ వేదిక మీదనే నాజరు గొంతున పలికినవి.

జంగం వరుస కొద్దిపాటి స్వరాలలో తిరుగుతుంది. దాని బలమంతా నడకలో ఉన్నది. దానిమీద రాగాన్ని విస్తరిస్తే నడక కుంటుతుంది. కథ వినవచ్చిన రైతు లేచిపోతాడు. విస్తరించకపోతే నేర్చిన విద్య మూలపడుతుంది. నాజరు కర్ణాటక, హిందుస్తానీ రాగాలను రెంటినీ తెచ్చినారు గాని, వాటిని రసానికి కట్టుబానిసలను చేసినారు. శోకంలో గొంతు సాగుతుంది, డక్కీ వేచియుంటుంది. రణంలో డక్కీయే యజమాని. రాగం పేరెరుగని శ్రోత కంట నీరు పెట్టుకొనేవాడు. పండితులు కొందరు దీనిని సంగీతమనుటకు సందేహించవచ్చు. నాకా సందేహం లేదు.

ఈ విద్యకు గీటురాయి ‘పల్నాటి యుద్ధం’. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు పలనాటివారికి పురాణపురుషులు కారు, ఇంటివారు. గురజాల, మాచర్లల నడుమ పుట్టిన పగ కారెంపూడిలో నెత్తురైన కథను తరతరాలుగా వీరవిద్యావంతులు పాడుతున్నారు. పేటలో స్వరం నేర్చినవాడు ఆ పేట సీమ కథనే ఎత్తుకొనుట సాహసం. వరుస తప్పితే పట్టుకొనేవారు ఊరూరా ఉన్నారు.

1940 దశకం చివర ప్రభుత్వం మండలి ప్రదర్శనలను నిషేధించినది. పిమ్మట 1953లో ‘పుట్టిల్లు’ చిత్రంలో ఆయన బుర్రకథ వెండితెరకెక్కినది. 1986లో పద్మశ్రీ వచ్చినది. 1997లో కన్నుమూసినారు.

కారెంపూడిలో కార్తిక అమావాస్యనాడు వీరుల ఉత్సవం మొదలవుతుంది. అక్కడ వీరవిద్యావంతులు తమ పాతవరుసలోనే పాడుతారు, నాజరు రాగాల జోలికి పోరు. ఊళ్ల తిరునాళ్లలో బుర్రకథ దళాలు నాజరు బాణీనే పట్టుకొన్నవి.