నీటి లెక్కల నవాబు

మీర్ అహ్మద్ అలీ అంటే గుర్తుపట్టగలవారు నేడు అరుదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అంటే మాత్రము నిజామాబాదు సీమలో వృద్ధులైన రైతులు చేతులు జోడిస్తారు. ఆయన 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించినారు. నిజాం కళాశాలలో చదివి, ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించినారు. తిరిగివచ్చి నిజాం రాజ్యపు ప్రజాపనుల శాఖలో చేరి, క్రమముగా చీఫ్ ఇంజనీరు పదవికి ఎదిగినారు.

కార్ఖానా నడుపువాడు రాబోవు సంవత్సరపు గిరాకిని అంచనా కట్టినట్లే, ఆనకట్ట కట్టువాడు రాబోవు యాభై ఏండ్ల వానలను అంచనా కట్టవలెను. వర్తకుని లెక్క తప్పితే సరుకు కొట్టులో మిగిలిపోతుంది. ఇంజనీరు లెక్క తప్పితే ఊళ్ళే కొట్టుకుపోతాయి. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచివేసినప్పుడు ఆ సంగతి రాజ్యమంతటికీ తెలిసివచ్చినది. విశ్వేశ్వరయ్యగారి సూచనలపై ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి.

అలీ నవాజ్ జంగ్ పేరు నిలిపినది నిజాంసాగరు. మంజీరపై అచ్చంపేట వద్ద 1923లో ఆరంభమైన ఆ పని 1931లో ముగిసినది. సుమారు 29 టి.ఎం.సి.ల నీరు నిలువచేసి 2,75,000 ఎకరాలు తడుపవలెనని సంకల్పము. నీరు వచ్చినది, నీటి వెంట చెరకు వచ్చినది, చెరకు వెంట 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వచ్చినది. మిల్లు పెట్టదలచినవారు యంత్రముల ఖరీదుకు ముందు, ఏటేటా చెరకు అందునా అని విచారించుకొనవలెను. ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే కాలువలో పారుతున్నది! తరువాతి కాలములో కోరుట్లకు చేరువనే ముత్యంపేటలో నిజాం షుగర్స్ వారి మరియొక మిల్లు లేచినది గాని 2015లో మూతపడినది. కాలువ లెక్క వేరు, బజారు లెక్క వేరు కదా.

అయితే నిజాంసాగరు లెక్క కూడ ఒకచోట తప్పినది. ఎగువ నేలల నుండి కొట్టుకొనివచ్చు ఒండ్రు, అనుకొన్నదానికన్న ఎన్నో రెట్లు అధికముగా పేరుకొన్నది. నలుబది ఏండ్లు తిరిగేసరికి జలాశయము సగమునకు పైగా పూడిపోయినది. 1970వ దశకములో మట్టము పెంచి 17 టి.ఎం.సి.ల పైచిలుకుకు తీసుకొనిరావలసివచ్చినది. ఎగువన సింగూరు కట్టి, నీటిని రాజధాని దాహమునకు మళ్ళించగలరని 1923లో ఎవరు ఊహించగలరు? నగరము అంతగా పెరుగునని లెక్కవేయకపోవుట ఆయన దోషమనుట న్యాయము కాదు. ఒండ్రు సంగతిలో మాత్రము అంచనా తక్కువ పడినదని ఒప్పుకొనవలసినదే.

ఆయన దృష్టి ఒక్క రాజ్యముతో ఆగలేదు. 1938లో నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘములో నదులు, నీటిపారుదలకు సంబంధించిన ఉపసంఘమునకు ఆయనే అధ్యక్షులు. తుంగభద్ర విషయమై మద్రాసు ప్రభుత్వముతో ఏండ్ల తరబడి సాగిన వాదములు 1944లో ఒడంబడికకు రావడములో హైదరాబాదు పక్షమున ఆయన పాత్ర గొప్పది.

1949 డిసెంబరు 6న ఆయన కన్నుమూసినారు. గోదావరి నీటిని తెలంగాణకు తేవలెనను యోచన నిజాం కాలము నుండియు ఉన్నదే. పోచంపాడు వద్ద నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేసినారు. ఆ కాకతీయ కాలువ నీరు జగిత్యాల, కోరుట్ల పొలములకు చేరినది. సిరిసిల్ల సీమకు నర్మాల వద్ద మానేరుపై నిజాం కాలములోనే కట్టిన ఆనకట్ట ఉన్నది. 2014 నుండి తెలంగాణ ప్రభుత్వము ఆయన జన్మదినమైన జూలై 11ను ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుతున్నది.