తన సమాధి తానే త్రవ్వుకొన్న దైవసేవకుడు
(అదోనిరాము జడ్సన్ గారి జీవితము)



మొదటి ఆదివారము ప్రభుబల్ల ఆచరించే వేళ మన సంఘాలలో ఒక సంగతి చూస్తూ ఉంటాము. ప్రసంగము ముగిసేవరకు కూర్చున్నవారిలో ఒకరిద్దరు, బల్ల సిద్ధపరుస్తుండగానే మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోతారు. ఆ మధ్య అట్లా వెళ్ళిన ఒక తమ్ముణ్ణి సాయంత్రము కాలువ గట్టున కలిసి కారణము అడిగాను. పొలానికి నీళ్ళ వంతు వచ్చి వెళ్ళలేదట. ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్లున్నదని, దేవుడు ఉన్నాడా లేడా అనే అనుమానము పీడిస్తున్నదని, తాతల నాటి నుండి బాప్తిస్టు ఇంట పుట్టి ఇట్టి తలంపు కలిగినందుకు ముఖము చూపించలేకపోతున్నానని చెప్పి తల వంచుకున్నాడు. తుంగభద్ర కాలువ వచ్చిన తరువాత ఆంధ్ర నుండి వచ్చి ఈ క్యాంపులలో స్థిరపడిన మనకు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. కాబట్టి ఇక్కడ సిగ్గు మరీ ఎక్కువ. ఆ తమ్మునికి నేను చెప్పిన జీవితచరిత్రనే మీకును వ్రాస్తున్నాను.

అదోనిరాము జడ్సన్ గారు 1788 ఆగస్టు 9న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో, మాల్డెన్ అనే ఊరిలో పుట్టారు. తండ్రి సంఘకాపరి. కుమారుడు మూడేళ్ళ వయసుకే బైబిలు చదవగలిగాడు. బ్రౌన్ కాలేజీలో చేరి 1807లో తరగతికంతటికీ మొదటివాడుగా పట్టా పుచ్చుకున్నాడు. అయితే ఆ కాలేజీలోనే జేకబ్ ఈమ్స్ అనే తెలివైన స్నేహితుడు దొరికాడు. దేవుడు లోకమును చేసి వదిలివేశాడనీ, ఆయన మనుష్యుల మొర వినడనీ, బైబిలు దైవగ్రంథము కాదనీ అతని మతము. జడ్సన్ గారు దానినే నమ్మారు. ఇంట్లో మాత్రము చాలాకాలము ఆ సంగతి దాచారు. కుటుంబ ప్రార్థనలో అందరితోపాటు కూర్చునేవారు.

1808లో ఇరవై ఏళ్ళు నిండిన తరువాత తల్లిదండ్రులకు నిజము చెప్పివేశారు. తండ్రి వాదనలకు ఆయన జవాబు చెప్పగలిగారు గాని, తల్లి కన్నీళ్ళకు జవాబు దొరకలేదు. ఇల్లు విడిచి న్యూయార్కు పోయి కొంతకాలము నాటకాల వారితో తిరిగారు. తిరుగు ప్రయాణములో ఒక రాత్రి పల్లెటూరి సత్రములో దిగారు. ప్రక్క గదిలో ఒక యువకుడు చావుబ్రతుకుల మధ్య మూలుగుతున్నాడు. ఆ మూలుగు వింటూ, తానే ఆ మంచము మీద ఉంటే సిద్ధముగా ఉన్నానా అని భయపడ్డారు. అట్లా భయపడినందుకు మళ్ళీ సిగ్గుపడ్డారు. ఈమ్స్ చూస్తే నవ్వుతాడు గదా అనుకున్నారు. తెల్లవారి సత్రము యజమానిని అడిగితే రోగి చనిపోయాడని తెలిసింది. పేరు అడిగారు. జేకబ్ ఈమ్స్ అని చెప్పాడు.

ప్రియులారా, ఆ ఉదయమే ఆయనకు విశ్వాసము కలిగిందని అనుకోవద్దు. అనుమానాలు అట్లాగే ఉన్నాయి. అయినా ఆ సంవత్సరము అక్టోబరులో ఆండోవర్ వేదాంత పాఠశాలకు వెళ్ళారు. విశ్వాసినని ఒప్పుకోలేని యువకుని అటువంటి చోట చేర్చుకోవడము వాడుక కాదు. అయినా వారు ఆయనకు చోటిచ్చారు. అక్కడ చదువుతూ, వెదకుతూ ఉండగా డిసెంబరు నాటికి ఆయన తనను తాను దేవునికి అప్పగించుకున్నారు. ఆండోవర్ వారు తలుపు మూసివేసి ఉంటే ఏమయ్యేదో సంఘ పెద్దలమైన మనము ఆలోచించాలి.

1812 ఫిబ్రవరిలో ఆన్ హాసెల్‌టైన్ గారిని వివాహము చేసుకొని, ఆ నెలలోనే ఓడ ఎక్కారు. ఓడలో వాక్యము పరిశోధించి, విశ్వసించినవారికే బాప్తిస్మము తగునని గ్రహించి, సెప్టెంబరు 6న కలకత్తాలో విలియం వార్డు గారిచేత ముంచుడు బాప్తిస్మము పొందారు. తమను పంపినది బాప్తిస్టులు కారు గనుక దానితో వారి ఆధారము పోయింది. కంపెనీ ప్రభుత్వము వెళ్ళగొడితే మారిషస్ మీదుగా మద్రాసు చేరి, అక్కడి నుండి 1813 జూలైలో రంగూన్ వెళ్ళారు. మన కోస్తా పెద్దలు తరువాతి కాలములో కూలికి వెళ్ళి రంగము అని పిలిచిన ఊరు అదే. ఈ దంపతులను పోషించడానికని అమెరికా బాప్తిస్టులు 1814లో ఫిలడెల్ఫియాలో కూడి మిషనెరీ సమాజము ఏర్పరచుకున్నారు. ఆ సమాజమే 1835లో శామ్యూల్ డే గారిని తెలుగువారి కొరకు పంపింది. 1840లో నెల్లూరు మిషను స్థాపించబడింది. అంటే, ఒకప్పుడు దేవుని కాదన్న ఆ యువకుని జీవితముతో మన సంఘాల చరిత్ర ముడిపడి ఉన్నది.

బర్మాలో మొదటి విశ్వాసికి బాప్తిస్మమియ్యడానికి ఆరేళ్ళు పట్టింది. 1824లో ఇంగ్లీషువారితో యుద్ధము వచ్చినప్పుడు జడ్సన్ గారిని వేగులవాడని అనుమానించి సంకెళ్ళు వేశారు. ఇరవై ఒక్క నెలలు చెరలో ఉన్నారు. ఆన్ గారు చంటిబిడ్డతో అధికారుల చుట్టూ తిరిగి ఆయనను బ్రతికించుకున్నారు. విడుదలైన తరువాత, సంధి మాటలకు దుబాసీగా ఆయన దూరముగా ఉండగా, 1826 అక్టోబరు 24న ఆన్ గారు జ్వరముతో కన్నుమూశారు. ఆరు నెలలకు పాప మరియ కూడా పోయింది.

అప్పుడు రెండవ చీకటి కమ్మింది. మొదటిది తెలివి గర్వము వలన వచ్చినది, ఇది దుఃఖము వలనా, తనను తాను నిందించుకోవడము వలనా వచ్చినది. తాను మిషనెరీగా వచ్చినది దేవుని కొరకా, పేరు కొరకా అని తనను తానే శోధించుకున్నారు. డాక్టరు బిరుదు వదులుకున్నారు. తనను మెచ్చుకున్న ఉత్తరాలు నాశనము చేశారు. 1828లో అడవిలో గుడిసె వేసుకొని ఒంటరిగా ఉన్నారు. సమాధి త్రవ్వుకొని దాని ప్రక్కన కూర్చునేవారు. 1829లో ఒక ఉత్తరములో, దేవుని నమ్ముచున్నాను గాని ఆయన నాకు దొరకుట లేదు అనే అర్థము వచ్చునట్లు వ్రాశారు. తమ్ముళ్ళారా, అప్పటికి ఆయన పదహారేళ్ళకు పైగా మిషనెరీ!

అయితే రెండు సంగతులు గమనించండి. యౌవనములో తన అనుమానము దాచిన మనిషి, ఈసారి దాచలేదు. తనవారికి వ్రాశారు. రెండవది, చేతిలోని పని విడువలేదు. ఆ చీకటి దినాలలోనే బర్మా కొత్త నిబంధనను దిద్దారు. తాను అమెరికా విడిచేటప్పుడు కలిసి మోకరించి ప్రార్థించిన తమ్ముడు ఎల్నాథన్, 1829లో నిరీక్షణతో ప్రభువునందు నిద్రించాడనే వార్త ఆయనకు ఎంతో ఆదరణ ఇచ్చింది. 1830లో ప్రోము పట్టణానికి సువార్త సేవకై వెళ్ళారు. 1834 జనవరి 31న బర్మా బైబిలు అనువాదము ముగించి, చివరి కాగితము చేతపట్టి మోకరించారు. ఆ బైబిలును బర్మా సంఘాలు నేటికీ చదువుతున్నాయి. 1850 ఏప్రిల్ 12న ఓడలో మరణిస్తే ఆయన దేహాన్ని సముద్రానికే అప్పగించారు. తనకొరకు త్రవ్వుకొన్న సమాధి ఆయనకు అక్కరకు రాలేదు.

ఆ తమ్మునికి ఇదంతా చెప్పి, మూడు మాటలు మనవి చేశాను. నీ అనుమానము నమ్మకమైన ఒక్కరికైనా చెప్పు. దాచినంతకాలము అది పెరుగుతుంది. పాటల పుస్తకాలు పంచడమే నీ పని అయితే ఆ పని మానవద్దు. నిద్రాహారాలు లేకుండా మనసు క్రుంగిపోతే డాక్టరుకు చూపించుకో, అది విశ్వాసలోపము కాదు. ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట అతనికి రొట్టె పెట్టి నిద్రపుచ్చాడు గదా!

పెద్దలారా, మనకు కూడా ఒక మాట. లేచి వెళ్ళిపోయేవారిని వెనుక నుండి చూసి గుసగుసలాడకండి. తోమా అనుమానపడినా శిష్యులు అతనిని వెలివేయలేదు. వారం రోజుల తరువాత ప్రభువు వచ్చినప్పుడు అతడు వారితోనే ఉన్నాడు. మన మందిరములో అట్టివారికి చోటు ఉన్నదా?

ఆ తమ్ముడు వచ్చే మొదటి ఆదివారము బల్ల దగ్గర ఉంటాడో లేదో నాకు తెలియదు. అతని ప్రక్క చోటులో మాత్రము నేను కూర్చుంటాను. మీరును మీ సంఘములో ఒకరి ప్రక్కన కూర్చోండి. ప్రభువు మిమ్మును ఆదరించును గాక.