శామ్యూల్ గ్రిడ్లీ హౌ

శామ్యూల్ గ్రిడ్లీ హౌ (నవంబరు 10, 1801 - జనవరి 9, 1876) అమెరికా దేశానికి చెందిన వైద్యుడు, అంధవిద్యా ప్రవర్తకుడు, బానిసత్వ వ్యతిరేకోద్యమ నాయకుడు. బోస్టన్ నగరంలో ప్రారంభమైన పెర్కిన్స్ అంధ పాఠశాలకు ఇతడు మొదటి సంచాలకుడు. 1837లో ఇతని పర్యవేక్షణలో సిరా వాడకుండా ముద్రితమైన అమెరికా దేశపటాల సంపుటి, అంధులు వ్రేళ్ళతో తడిమి చదువుకొనే పటాల చరిత్రలో ఒక మైలురాయి. నేడు చారిత్రక కట్టడాల వద్ద అంధ సందర్శకుల కొరకు ఉంచే స్పర్శ పటాలకు దీనిని పూర్వరూపంగా భావించవచ్చు.

తొలి జీవితం

హౌ బోస్టన్‌లో జన్మించాడు. 1821లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1824లో హార్వర్డ్ నుండి వైద్యపట్టా పొందాడు. స్థిరమైన వైద్యవృత్తి చేపట్టక, తుర్కుల పాలనపై పోరాడుతున్న గ్రీకులకు తోడ్పడుటకు గ్రీసు దేశం వెళ్ళి, శస్త్రవైద్యుడిగా సేవలందించాడు.

అంధ పాఠశాల

జాన్ ఫిషర్ అనే వైద్యుని కృషి ఫలితంగా 1829లో మసాచుసెట్స్ రాష్ట్రం అంధుల విద్యాసంస్థకు అనుమతినిచ్చింది. 1831లో దాని బాధ్యతను స్వీకరించిన హౌ, యూరపులోని అంధ పాఠశాలలను పరిశీలించుటకు వెళ్ళాడు. ఆ యాత్రలో పోలండు శరణార్థులకు సహాయం చేసినందుకు బెర్లిన్‌లో కొన్ని వారాలు చెరసాలలో ఉండవలసి వచ్చింది. తిరిగి వచ్చాక 1832లో తన తండ్రి ఇంటిలోనే, కొద్దిమంది పిల్లలతో పాఠశాలను ప్రారంభించాడు. మరుసటి ఏడు థామస్ పెర్కిన్స్ అనే వర్తకుడు తన భవనాన్ని దానం చేయగా, తరువాత పాఠశాలకు ఆయన పేరే స్థిరపడింది.

1837లో ఈ పాఠశాలలో చేరిన లారా బ్రిడ్జ్‌మన్ చూపు, వినికిడి రెండూ లేని ఏడేళ్ళ బాలిక. చెంచా, కత్తి, తాళపుచెవి వంటి వస్తువులకు ఉబ్బెత్తు అక్షరాల చీటీలు అంటించి, వస్తువుకు పేరు ఉంటుందని హౌ ఆమెకు బోధించాడు. 1842లో చార్లెస్ డికెన్స్ ఆమెను చూసి తన అమెరికా యాత్రాగ్రంథంలో వర్ణించాడు. చాలా కాలం తరువాత హెలెన్ కెల్లర్ తల్లి ఆ గ్రంథం చదివి తన కుమార్తె చదువుపై ఆశ పెంచుకొన్నది.

సిరా లేని పటాలు

యూరపులో అంతకు ముందున్న స్పర్శ పటాలు ఎక్కువగా చేతిపనితో, దారం, తీగ వంటివి అతికించి చేసినవి. అటువంటి పటం పాఠశాలకు ఒకటి దొరకడమే గొప్ప. హౌ వీటిని ముద్రణాయంత్రం పరిధిలోకి తెచ్చాడు. దళసరి కాగితాన్ని అచ్చుపై గట్టిగా ఒత్తగా గీతలు, గుర్తులు, అక్షరాలు ఉబ్బెత్తుగా లేచేవి. సంపుటిలో 24 పటాలు, వాటికి వివరణలు ఉన్నాయి. 50 ప్రతులు ముద్రించారు.

ఇటువంటి పటం తయారీలో ఒక చిక్కు ఉంది. కన్ను మొదట మొత్తాన్ని చూచి, పిదప భాగాలను చూస్తుంది. వ్రేలు భాగాలను ఒక్కొక్కటిగా తాకి మొత్తాన్ని మనసులో కూర్చుకొంటుంది. గీతలు మరీ దగ్గరైతే ఒకదానితో ఒకటి కలిసిపోయి తెలియవు. కావున ఏది చూపాలన్నదాని కంటె ఏది వదలాలన్నదే పెద్ద ప్రశ్న. కోట గాని, ఆలయం గాని స్పర్శ పటంగా చేయునపుడు నేటికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. శిల్పాల వివరాలన్నీ ఒకే పలకపై చూపబోతే ప్రవేశద్వారం, మెట్లు, ప్రాకారం ఎక్కడున్నవో వ్రేలికి అందదు.

లిపి వివాదం

హౌ పటాలపై అక్షరాలు ఇతడే రూపొందించిన బోస్టన్ లైన్ లిపిలో ఉన్నాయి. ఇది కోణాలతో కూడిన చిన్నబడి రోమన్ అక్షరమాల. అంధులు, చూపున్నవారు ఒకే లిపి చదవాలని, వేరే లిపి అంధులను సమాజం నుండి వేరు చేస్తుందని హౌ గట్టిగా నమ్మాడు. ఈ ఉద్దేశం ఉదాత్తమైనదే. కాని గీతల అక్షరాల కంటె చుక్కలను వ్రేలు త్వరగా గుర్తిస్తుంది. పైగా చుక్కలను అంధులు స్వయంగా వ్రాసుకోగలరు. లూయీ బ్రెయిలీ స్వయంగా అంధుడు కావడం వలన ఈ సంగతి అనుభవంతో తెలిసినవాడు. హౌ మాత్రం చూపున్నవాని దృష్టితోనే నిర్ణయించి, చివరి వరకు తన పట్టు విడువలేదు. అమెరికాలో చుక్కల లిపి వ్యాప్తి ఆలస్యం కావడానికి ఇది ఒక కారణం. బధిరుల సంజ్ఞాభాషను వ్యతిరేకించడంలోనూ ఇతని వాదం ఇటువంటిదే.

వ్యక్తిగత జీవితం, ఇతర కార్యకలాపాలు

1843లో కవయిత్రి జూలియా వార్డ్‌ను వివాహమాడాడు. భార్య బహిరంగ జీవితాన్ని ఇతడు హర్షించలేదు. బానిసత్వంపై సాయుధ పోరాటం జరిపిన జాన్ బ్రౌన్‌కు రహస్యంగా ధనసహాయం చేసిన ఆరుగురిలో ఇతడొకడు. 1859లో ఆ తిరుగుబాటు విఫలమైనపుడు కొంతకాలం కెనడాలో తలదాచుకొన్నాడు. 1866లో బటావియాలో చేసిన ప్రసంగంలో, అంధులను ప్రత్యేక సంస్థలలో ఒకచోట చేర్చి ఉంచడాన్ని తానే విమర్శించాడు.

అనంతర కాలం

హౌ మరణించిన పిదప అల్లుడు మైకేల్ అనాగ్నోస్ పాఠశాల సంచాలకుడయ్యాడు. 1951లో ఇదే పాఠశాల నుండి వెలువడిన పెర్కిన్స్ బ్రెయిలర్ అనే టైపు యంత్రం హౌ వ్యతిరేకించిన చుక్కల లిపిని వ్రాయుటకే ఉద్దేశించినది. తెలుగు అంధ విద్యార్థులు చదివే భారతీ బ్రెయిలీని మన దేశంలో అంగీకరించినదీ 1951లోనే.