ఆచార్య సతీష్ ధావన్

నెల్లూరు సీమకు దక్షిణపు కొసన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. 2022 నుండి అది తిరుపతి జిల్లాలో భాగం. అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రానికి 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టారు. రాకెట్ల కేంద్రానికి పేరుగా నిలిచిన ఈ శాస్త్రవేత్త తొలి సాధన అంతా విమానపు నమూనాలతోను, వాటిపై వీచే గాలితోను సాగింది.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించాడు. లాహోరులో గణిత భౌతిక శాస్త్రాలలో పట్టా పొంది, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసి, ఆ తరువాత 1945లో మెకానికల్ ఇంజనీరయ్యాడు. సాహిత్యం చదివినవాడు యంత్రశాస్త్రానికి పనికిరాడనే వారికి ఈ వరుస కొంత ఆశ్చర్యం కలిగించవచ్చు. అమెరికాలో ఉన్నత విద్య నభ్యసించి, 1951లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ నుండి డాక్టరేటు పొందాడు. ఉపరితలాన్ని ఒరుసుకొంటూ పోయే గాలి దానిని ఎంత బలంతో లాగుతుందో నేరుగా కొలవడం ఆయన పరిశోధనాంశం. పలకలో చిన్న ముక్కను కదలడానికి వీలుగా అమర్చి, గాలి తాకిడికి అది జరిగిన అతి స్వల్ప దూరాన్ని బట్టి ఆ బలాన్ని లెక్కగట్టాడు.

అదే సంవత్సరం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. విమానాన్ని నిర్మించక ముందే దాని గుణదోషాలు తెలియాలంటే, కొలతలు తప్పని చిన్న నమూనా తయారుచేసి, దానిని గాలి సొరంగంలో నిలిపి, ఎదురుగా గాలిని వీచేటట్లు చేయాలి. విమానం గాలిలో పోయినా, గాలి విమానం మీదుగా పోయినా ఫలితం ఒక్కటే. తక్కువ వేగాలకు కొయ్య నమూనా చాలును. ధ్వనిని మించిన వేగానికి లోహపు నమూనా కావాలి. అయితే ఆకృతి ఒక్కటీ సరిపోలితే చాలదు. గాలి నడక కూడ అసలు విమానం చుట్టూ ఉన్నట్లే ఉండాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ధ్వనిని మించిన వేగంతో పనిచేసే సొరంగం అప్పటికి మన దేశంలో లేదు. ధావన్ దానిని నిర్మించాడు. నమూనా నిలిపే చోటు కొలత ఒకవైపు 3 అంగుళాలు, మరొకవైపు 1 అంగుళం మాత్రమే! అందులో పట్టే నమూనా వేలెడంత కూడ ఉండదు. ఆ చిన్న సొరంగం వద్ద పని నేర్చిన అనుభవమే తరువాత బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 4 అడుగుల సొరంగ నిర్మాణానికి దారి చూపింది. తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్.ఎల్.వి.-3 నమూనాలను పరీక్షించినది ఆ పెద్ద సొరంగంలోనే.

1962లో విజ్ఞాన సంస్థ సంచాలకుడైన ధావన్, 1972లో అంతరిక్ష సంస్థ పగ్గాలు చేపట్టాడు; సంస్థలోని పదవిని మాత్రం విడువలేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3, రెండవ దశలో నియంత్రణ వ్యవస్థ విఫలమై సముద్రంలో కూలింది. ఆ ప్రయోగానికి సారథి అబ్దుల్ కలాం. విలేఖరుల ప్రశ్నలకు ముందు నిలిచి, బాధ్యత తనదిగా స్వీకరించినవాడు ధావన్. 1980 జులై 18న అదే నౌక 35 కిలోల రోహిణిని కక్ష్యలో చేర్చింది. ఈసారి విలేఖరుల ముందుకు కలాంను పంపాడు.

పదవులు వదలిన తరువాత ధావన్ చూపు పక్షులపై నిలిచింది. అవి రెక్కలతో గాలిని ఎట్లు వాడుకొంటున్నవో పరిశీలించి, పక్షుల ఎగురుటపై 1991లో ఒక గ్రంథం వెలువరించాడు. 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశాడు. శీతకాలంలో సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే దారికి ఇరువైపుల, పులికాట్ నీళ్లలో రాజహంసలు నేటికీ బారులు తీరి కనిపిస్తాయి.