మసక ఫోటోల జూలియా మార్గరెట్ కామెరాన్

క్రిందటి సంవత్సరం మన గ్రూప్ ఫోటోలో నేను కదిలిపోయాను. మొహం మసగ్గా పడింది. అందరూ దెయ్యం, దెయ్యం అని ఏడిపించారు. అందుకే మసక ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్న ఒకావిడ గురించి రాస్తున్నాను.

ఆవిడ పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. ఇంగ్లీషు వాళ్ళే గానీ 1815లో పుట్టింది మన కలకత్తాలో. పెళ్ళీ అక్కడే. 1848లో ఇంగ్లండు వెళ్ళిపోయారు. 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆవిడకు 48 ఏళ్ళు. ఫోటో తీయడం ఏమీ రాదు. అయినా కోళ్ళను బయటికి తోలేసి కోళ్ళ కొట్టాన్ని స్టూడియో చేసింది. బొగ్గుల కొట్టు చీకటి గది అయింది.

అప్పట్లో ఫిల్మ్ లేదు. గాజు పలకకు మందు పూసి, సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. చేతులన్నీ నల్ల మచ్చలు. ఎదుట కూర్చున్నవాళ్ళు నిమిషాల తరబడి కదలకూడదు. మనం ప్రేయర్లో ఒక్క నిమిషం ఉండలేం!

మిగతావాళ్ళు గీత గీసినట్టు స్పష్టంగా తీసేవారు. ఈవిడ కెమెరా అద్దం సరిచేస్తూ, తన కంటికి అందంగా కనపడగానే ఆపేసేది. మసగ్గా ఉన్నా సరే. మొహాన్ని బాగా దగ్గరగా తీసేది. పలక మీద గీత పడినా, వేలిముద్ర పడినా పారేసేది కాదు. ఫోటో పత్రికల వాళ్ళు ఈవిడకు పనే రాదని వెక్కిరించారు. ఆవిడ మాన్లేదు. 1865లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆవిడ ఫోటోలు కొన్నది.

1867లో జాన్ హెర్షెల్ అనే పెద్ద శాస్త్రవేత్తను తీసింది. తల కడుక్కోమని చెప్పి, ఆ తెల్లజుట్టు చెదరగొట్టిందట. చీకట్లోంచి మొహం ఒక్కటే బయటికొచ్చినట్టు ఉంటుంది. డార్విన్‌నూ తీసింది. ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్‌ను మేరీమాతగా కూర్చోబెట్టేది.

1875లో సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక వెళ్ళారు. 1879లో అక్కడే చనిపోయింది. అక్కడ తోట కూలీల ఫోటోలు కూడా తీసింది. హెర్షెల్ పేరుంది, డార్విన్ పేరుంది, పనిమనిషి పేరూ ఉంది. ఆ కూలీల్లో చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు. ఆవిడంటే ఎంత ఇష్టమైనా ఇది నాకు నచ్చలేదు. మా ఊరికి కెమెరాతో వచ్చినవాళ్ళు కూడా మా నాయనమ్మ ఫోటో తీసుకుని పోయారు, పేరు అడగలేదు.

మన గ్రూప్ ఫోటో వెనక నేను పెన్సిల్‌తో అందరి పేర్లూ రాశాను. మసక మొహం దగ్గర నా పేరు కూడా.