వేటగాణ్ణి వెంటాడిన ప్రభువు: పునీత హ్యూబర్టు



జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలాల్లో మొక్కజొన్న కంకి వేసే రోజుల్లో, అడవి పందులకు కాపలాగా మంచె మీద రాత్రంతా మేలుకునే రైతులు మీలో ఉన్నారు. మీకు ఒక సంగతి తెలుసు. జంతువు మనిషిని చూడకముందే అతని వాసన పసిగడుతుంది. ఆ విద్యలో ఆరితేరి, చివరికి తానే ప్రభువు చేతికి చిక్కిన ఒక వేటగాని జీవితం ఈ వారం మీ ముందుంచుతున్నాం. ఆయన వేటగాళ్ల పాలక పునీతుడు హ్యూబర్టు. ఆయన పండుగ నవంబరు 3.

ఆదికాండము 27వ అధ్యాయంలో ముసలి ఈసాకు తన పెద్ద కొడుకును విల్లు, అమ్ములపొది తీసుకుని వేటకు వెళ్లమంటాడు. ఒక్క మాటలో అయిపోయిన ఆ పని వెనుక ఎంత సాధన ఉంటుందో ఆలోచించారా? విల్లుతో మొదటిసారి పెద్ద దుప్పి వేటకు పోయేవాడు నెలల ముందే మొదలుపెట్టాలి. వింటినారి లాగి వణకకుండా నిలిపేలా భుజాన్ని రోజూ సాధన చేయించాలి. నీళ్లకు దుప్పి ఏ దారిన దిగుతుందో, ఏ చెట్టుకు కొమ్ములు రాస్తుందో అడుగుజాడలను బట్టి తెలుసుకోవాలి. గాలికి ఎదురుగానే నడవాలి. బాణం దూరం పనికిరాదు కనుక బాగా దగ్గరకు చేరాలి. గురి గుండెకో ఊపిరితిత్తులకో తగలకపోతే ఆ మూగజీవి గాయంతో పారిపోయి, ఎక్కడో బాధపడి చస్తుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు బాణం వదలకపోవడమే మంచి వేటగాని లక్షణం.

హ్యూబర్టు సుమారు 656లో ఫ్రాంకుల రాజ్యంలో గొప్ప కుటుంబంలో పుట్టారని సంప్రదాయం. నేటి బెల్జియంలోని ఆర్డెన్ అడవుల్లో వేటాడడం ఆయనకు ప్రాణం. భార్య ప్రసవంలో మరణించాక ఆ దుఃఖంతో అడవినే ఇల్లు చేసుకున్నారట. ఒక పవిత్ర శుక్రవారం ఊరంతా దేవాలయానికి వెళుతుంటే ఆయన వేటకు బయలుదేరారు. తరుముతున్న దుప్పి ఆగి వెనుదిరిగింది. దాని కొమ్ముల నడుమ సిలువ వెలుగుతూ కనిపించింది. మారుమనస్సు పొందకపోతే నరకమే గతి అన్న హెచ్చరిక వినిపించింది. ఆయన గుర్రం దిగి మోకరించారు.

దాచకుండా చెప్పుకోవాలి. హ్యూబర్టు మరణించిన కొద్దికాలానికే రాసిన జీవిత చరిత్రలో ఈ దుప్పి కథ లేదు. పునీత యూస్తాసు గురించి ముందే ఉన్న ఈ కథ, మధ్యయుగం చివరికి హ్యూబర్టు పేరున స్థిరపడింది. అయినా ఆయన జీవితం మారిందనడానికి చరిత్రే సాక్షి. ఆయన మాస్ట్రిక్ట్ పీఠాధిపతి పునీత లాంబర్టుకు శిష్యులయ్యారు. సుమారు 705లో లాంబర్టు హత్యకు గురికాగా, ఆ మేత్రాసనం భారం హ్యూబర్టు మీద పడింది. గురువును చంపిన చోటనే, లియేజ్‌లో, దేవాలయం కట్టించి ఆయన అవశేషాలను అక్కడికి చేర్చారు. ఆర్డెన్ అడవుల్లో విగ్రహారాధకుల మధ్య సువార్త ప్రకటించారు. 727 మే 30న ప్రభువులో నిద్రించారు. 825లో ఆయన భౌతికకాయాన్ని ఆర్డెన్ అడవిలోని మఠానికి తరలించారు. నేడు ఆ ఊరికి ఆయన పేరే ఉంది.

ఆలోచించండి. దుప్పి కోసం నేర్చుకున్న ఓపిక, మౌనం, తెల్లవారకముందే లేవడం ఆయన వదిలిపెట్టలేదు. వాటిని ఆత్మల కోసం వాడారు. దేవుడు మన నేర్పును తీసేయడు, దారి మళ్లిస్తాడు.

పిచ్చికుక్క కాటు నుండి కాపాడమని ఐరోపా ప్రజలు ఈ పునీతుని వేడుకుంటూ, ఆయన పేర దీవించిన రొట్టె తినేవారు. అప్పుడు మందు లేదు. 1885లో లూయీ పాస్టర్ టీకా ఇచ్చాక మందు వచ్చింది. కనుక మీ బిడ్డను కుక్క కరిస్తే ప్రార్థించండి. కాని ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించండి. పసరు మందులతో ఆలస్యం చేయకండి. జబ్బు బయటపడ్డాక బ్రతికించడం దాదాపు అసాధ్యం.

మరొక మాట. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. పంట మీద బెంగతో చేను చుట్టూ కరెంటు తీగ పెడితే పంది ఒక్కటే చావదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పొరుగు రైతూ చావవచ్చు. అనుమానం ఉన్నప్పుడు బాణం వదలని వేటగాణ్ణి తలచుకోండి. ఆ తీగ ఎవరు తాకుతారో మీకు తెలియదు. పంట నష్టం పూడ్చుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేము.

పంట కోసం రాత్రంతా మేలుకునే మీరు, ఆదివారం దివ్యపూజకు ఒక గంట ముందు లేవలేరా? హ్యూబర్టును వెంటాడిన ప్రభువు మీ చేనిగట్టు మీద కూడా ఓపికగా నిలబడి ఉన్నాడు.

పునీత హ్యూబర్టా, మా కొరకు ప్రార్థించండి.